చీమల బాట

మేము ధర్మపురి నుండి పెన్నాగరము మీదుగా హొగేనకల్ జలపాతము చూడ వ్యానులో పోయితిమి. రాత్రి చింతచెట్టు క్రింద వ్యానులోనే పండుకొంటిమి. తెల్లవారుసరికి బెల్లపు మూటకును, చంటి చెల్లెలి పక్కకును ఎఱ్ఱచీమలు బారులు తీరినవి. పురుగుల మందు చల్లుదమని కొంద ఱనిరి. ఇరుకు వ్యానులో ఆ విషము బిడ్డకే హానియని అమ్మ వారించెను.

పరికింపగా, పైకప్పునకు తగిలిన కొమ్మయే వాటికి వంతెన. నిప్పుచీమలు విడుచు వాసనజాడ వాటి ఉదరమందలి చిన్న గ్రంథినుండి వచ్చునని 1959లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ విల్సన్ తెలిపెను. ఆ జాడ పట్టియే వెనుకటివి వచ్చును. కావున వ్యానును జరిపి, పక్క దులిపి, బెల్లమును మూతడబ్బాలో నుంచి, చీమలబారు సాగిన చోటెల్ల సబ్బునీటితో తుడిచితిమి. మధ్యాహ్నమునకు చెల్లెలు నిశ్చింతగా నిదురించెను. ప్రయాణమున చీమలు చేరినచో, మందుకంటె ముందు అవి వచ్చిన దారిని వెదకవలెను.