‘ఎవరికీ చెప్పొద్దు’ అన్నారంటే…

డల్లాస్‌లో ఫోన్ మోగితే ఎత్తాలా వద్దా అని ఒక్క క్షణం ఆగడం మా అందరికీ అలవాటైపోయింది. కారు వారంటీ అయిపోతోందని ఒకరు, ఆరోగ్య బీమా మార్చుకోమని ఇంకొకరు, పొద్దున్నే మొదలుపెడతారు. నంబరు చూస్తే మన ఏరియా కోడే, ఆ తర్వాతి మూడంకెలూ మనవే. పిల్లల బడి నుంచేమో అనుకుని ఎత్తుతాం. అలా ఎత్తాలనే ఆ అంకెలు తెర మీద కనపడేలా చేస్తారు. అసలు ఫోన్ ఏ దేశం నుంచి వచ్చిందో వాటిని చూసి చెప్పలేం.

చట్టాలు లేక కాదు. ఇలాంటి కాల్స్ మీద అమెరికాలో 1991లోనే చట్టం చేశారు. 2003లో ‘డు నాట్ కాల్’ జాబితా వచ్చింది. అందులో నంబరు నమోదు చేసుకుంటే పద్ధతిగా వ్యాపారం చేసే కంపెనీలు ఫోన్ చేయడం మానేస్తాయి. రాజకీయ ప్రచారాలకూ, విరాళాలు అడిగే సంస్థలకూ, సర్వేలకూ మినహాయింపు ఉంది. మోసగాళ్లు ఆ జాబితా వైపే చూడరు. ఫోన్ చేసినవాళ్ల నంబరు అసలుదో కాదో సరిచూసే ‘స్టిర్ షేకెన్’ పద్ధతిని 2021 జూన్ 30 నాటికి పెద్ద ఫోన్ కంపెనీలు అమలు చేయాల్సి వచ్చింది. అయినా పాత తరహా నెట్‌వర్క్‌ల మీదుగా వచ్చే కాల్స్‌కు అది పనిచేయదు.

వారంటీ కాల్స్ విసిగిస్తాయి, అంతే. నన్ను కలవరపెట్టేవి వేరే ఉన్నాయి. మా దగ్గర ఎమ్మెస్ చదువుతున్న ఒకబ్బాయికి ఇమ్మిగ్రేషన్ ఆఫీసు నుంచి అంటూ ఫోన్ వచ్చింది. కాగితాల్లో తప్పుంది, ఇవాళే జరిమానా కట్టకపోతే వెనక్కి పంపేస్తాం అన్నారు. గిఫ్ట్ కార్డులు కొని వెనకున్న అంకెలు చదవమన్నారు. ఫోన్ పెట్టేయొద్దు, ఎవరికీ చెప్పొద్దు అన్నారు. దుకాణంలో కౌంటర్ దగ్గరున్నావిడ ఎందుకిన్ని కార్డులని నిలదీయబట్టి డబ్బు పోలేదు. తర్వాత నాతో ఆ అబ్బాయి అన్న మొదటి మాట, “అక్కా, నాన్నకి మాత్రం చెప్పకండి” అని. అప్పు చేసి పంపిన తండ్రికి ఇంకో దిగులు ఎందుకని వాడి బాధ.

మోసగాళ్లకు కావలసింది సరిగ్గా ఆ మౌనమే. వీసా మీద బతికేవాళ్ల గుండెల్లో ఏ భయముందో వాళ్లకు బాగా తెలుసు. ఒంటరిగా ఉన్నవాణ్ణి ఎవరితోనూ మాట్లాడనివ్వకుండా గంటసేపు పట్టుకోగలిగితే వాళ్ల పని అయిపోతుంది.

అందుకే కొత్తగా వచ్చే ప్రతి విద్యార్థికీ, పిల్లల్ని చూడడానికొచ్చే ప్రతి తల్లికీ తండ్రికీ బ్యాంకు ఖాతా, సిమ్ కార్డుల సంగతి చెప్పేటప్పుడే ఇదీ చెబుదాం. ఏ ప్రభుత్వ కార్యాలయమూ గిఫ్ట్ కార్డుల్లో డబ్బు తీసుకోదు. పన్నుల శాఖ సాధారణంగా ముందు ఉత్తరమే రాస్తుంది. తెర మీద రాయబార కార్యాలయం నంబరే కనిపించినా, డబ్బు అడిగారంటే ఆ ఫోన్ అక్కడిది కాదు. మాట మధ్యలో పెట్టేస్తే మర్యాద తప్పినట్టు కాదు. పెట్టేసి, ఆ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు మనమే చేసి అడగాలి.

దానికంటే ముందు, మనవాళ్లలో ఒకరికి ఫోన్ చేయాలి. అర్ధరాత్రయినా సరే ఎత్తుతామని, ఏం జరిగినా తిట్టమని, మనం వాళ్లకు ముందే మాటివ్వాలి.