జతపరచండి

అశోక్‌నగర్ జిరాక్స్ షాపుల్లో అమ్మే పోటీ పరీక్షల స్పైరల్ బైండింగ్ నోట్సులో ఒక పేజీ దగ్గర నా చూపు ఆగిపోతుంది. జతపరచండి: కుంతాల – కడెం వాగు, తలకోన – శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం. తెలంగాణ జాతీయ ఉద్యానాలు మూడూ, కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి, హైదరాబాదు చుట్టుపక్కలే. వాటిలో చెప్పుకోదగ్గ జలపాతం ఒక్కటీ లేదు. ఆ సంగతి మాత్రం ఏ పరీక్షలోనూ అడగరు!

చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద ఎవరో కుర్రాడు ‘కుంతాల, 147 అడుగులు’ అని గొణుక్కుంటాడు. నాకేమో కుంతాలకు వెళ్లే నేరడిగొండ దారి గుర్తొస్తుంది. వానాకాలం జలపాతం మెట్లు దిగుతుంటే నీళ్లకంటే ముందు హోరు అందుతుంది. ఆనక తుంపర కళ్లద్దాలను కమ్మేస్తుంది. తుడుచుకునేలోపు మళ్లీ తడి. నల్లరాతి అంచున తెల్లటి నీరు రెండు మూడు పాయలై జారుతుంది. శివరాత్రికి అక్కడి సోమేశ్వరస్వామి దగ్గరికి జనం బారులు తీరతారు.

నారాయణగూడ ఇరుకు గదుల్లో ఇన్ని కొండలు, ఇన్ని వాగులు కంఠతా పట్టినవాళ్లున్నారు. చూడకుండా మోసే అడవి కూడా అడవేనా? అవుననే అనిపిస్తుంది నాకు, ఒక్కోసారి. ఉద్యోగం వచ్చాక వెళ్దామనుకుంటారు వాళ్లు. కడెం మాత్రం నోటిఫికేషన్లతో నిమిత్తం లేకుండా వానలకు పొంగుతుంది, ఎండలకు సన్నబడుతుంది.