కమికట్సులో 45 డబ్బాలు

జపాన్‌లో తొకుషిమా నగరం నుంచి గంటసేపు కొండల్లోకి వెళితే, మెట్లు మెట్లుగా దిగే వరిమళ్ల మధ్య కమికట్సు కనిపిస్తుంది. జనాభా 1,500 కూడా ఉండదు. హైదరాబాద్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలోనే ఇంతకన్నా ఎక్కువ మంది ఉంటారు. ఈ ఊళ్లో చెత్త బండి తిరగదు. ఎవరి చెత్త వాళ్లే ఊరి చెత్త కేంద్రానికి తెచ్చుకుంటారు.

2020లో కట్టిన ఆ కేంద్రం పైనుంచి చూస్తే ప్రశ్నార్థకంలా ఉంటుంది. గోడల నిండా ఊరివాళ్లు ఇచ్చిన పాత కిటికీలే, సుమారు 700. ప్రశ్నార్థకం కింది చుక్క ఒక హోటల్. నేను దిగింది అందులోనే. గదిలో సబ్బు పెట్టరు. వచ్చిన వెంటనే పెద్ద సబ్బు కడ్డీలోంచి మనకెంత కావాలో అంతే ముక్క కోసుకోవాలి. సాయంత్రం ఇక్కడి అవా బంచా తాగాను. ఉడికించి, ఊరబెట్టి, ఎండబెట్టిన టీ ఆకులతో కాస్తారు. ఆ పులుపుకి మన తరవాణి గుర్తొచ్చింది.

పొద్దున్నే నా గదిలోని చెత్త పట్టుకుని డబ్బాల ముందు నిలబడ్డాను. 45 రకాలు! ఏది ఎందులో వేయాలో తోచలేదు. పక్కనున్న ఒక పెద్దావిడ నా సీసా తీసుకుని, మూత ఊడదీసి, దేని డబ్బా ఏదో నవ్వుతూ చూపించారు. ఆవిడ తెచ్చిన ప్లాస్టిక్ కవర్లు కడిగి ఆరబెట్టినవి. తడి చెత్త ఇక్కడికి రానేరాదు, ఇళ్ల దగ్గరే ఎరువవుతుంది.

ప్రతి డబ్బా మీదా ఒక పలక ఉంది: ఈ సరుకు ఎక్కడికి వెళుతుంది, ఏమవుతుంది, కిలోకి ఊరికి ఎన్ని యెన్‌లు వస్తాయి లేదా ఎన్ని ఖర్చవుతాయి. మనకు పాత పేపర్ల ధర తెలుసు, తూకం దగ్గర బేరం కూడా ఆడతాం. మిగతా చెత్త బండెక్కాక హైదరాబాద్ జవహర్‌నగర్ చెత్త గుట్టలో ఏమవుతోందో అడగం.

ఈ ఊరూ ఒకప్పుడు గుంటలో చెత్త తగలబెట్టింది. చెత్త కాలిస్తే వెలువడే డయాక్సిన్ విషాలపై నిబంధనలు బిగిశాక చెత్త కాల్చే చిన్న కొలిమినీ మూసేయాల్సి వచ్చింది, పెద్దది కట్టే స్తోమత లేదు. 2003లో జీరో వేస్ట్, అంటే చెత్తే మిగలకపోవడం, తన లక్ష్యమని ప్రకటించుకుంది. ఇప్పుడు ఊరి చెత్తలో 80 శాతం దాకా తిరిగి వాడకంలోకి వెళుతోంది. జపాన్ సగటు 20 శాతం దగ్గరే.

మీరు వెళితే రాత్రికి ఉండండి, పొద్దున చెత్త మీ చేత్తోనే వేరు చేయండి. పక్కనే కురుకురు దుకాణంలో ఊరివాళ్లు వదిలిన గిన్నెలు, బట్టలు ఉచితం. తూకం వేసి పుస్తకంలో రాస్తే చాలు. చివరగా, తగలబెట్టక తప్పని వాటి డబ్బా దగ్గర కాసేపు ఆగండి. ఇంత శ్రద్ధగల ఊరికీ లొంగని ఆ వస్తువులను తయారయ్యే చోట, మనం కొనే చోట ఆపాలని అక్కడ అర్థమవుతుంది.