కోపం తగ్గించిన సైకిలు

రెండేళ్ళ క్రిందట డాక్టరుగారు నా రక్తపోటు 150/100 ఉందని చెప్పి, మాత్రలు రాసిచ్చి, "రోజూ కాస్త ఒళ్ళు వంచండి" అన్నారు. ఆఫీసు చికాకంతా ఇంటికి మోసుకొచ్చే రోజులవి. నా చెప్పుల చప్పుడు వింటే చాలు, మా అమ్మాయి పక్కగదిలోకి తప్పుకునేది. రక్తపోటుకన్నా అదే నన్ను ఎక్కువ బాధించింది.

వసారాలో తుప్పుపట్టిన సైకిలు బాగుచేయించి, తెల్లవారుజామునే మా బెజవాడ ప్రకాశం బ్యారేజీ దాకా తొక్కడం మొదలుపెట్టాను. మొదటివారం మోకాళ్ళు పట్టేశాయి. సీటు మరీ క్రిందికి ఉందట! పెడలు అడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగానే వంగాలి.

కృష్ణమీది ఎదురుగాలితో పోట్లాడితే ఆయాసమే మిగిలేది. నెమ్మదిగా తొక్కితే దారి సాగేది. ఆ పాఠం ఆఫీసులోనూ పనికొచ్చింది.

పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల ఓమోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పింది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం చాలు. గుండెజబ్బు ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి. మాత్రలు సొంతంగా మానకూడదు. నా మోతాదు తగ్గించింది డాక్టరుగారే.

ఇప్పుడు ఆఫీసుకూ సైకిలుమీదే వెళుతున్నాను. సాయంత్రం గంట మోగగానే అమ్మాయి గుమ్మంలోకి పరుగెత్తుకొస్తుంది.