లేని ఊరికి మ్యాపు!

హైదరాబాద్ మియాపూర్‌లో ఓ అపార్ట్‌మెంట్. హాల్లో టీవీ పక్కన గోడ మీద పెద్ద మ్యాపు. నాలుగు పాత క్యాలెండరు కాగితాలను తిరగేసి, టేపుతో అతికించి, పెన్సిలుతో గీసింది. కింద సముద్రంలోకి తోకలా వేలాడే చిన్న చిన్న దీవులు. కుడివైపు ఒడ్డున ఓ మహానగరం. మధ్యలో చిత్తడి నేలలు. పైన ఎక్కడో ఓ కొండ. 2025లో ఆ ఇంటికొచ్చిన చుట్టాలందరూ అడిగిన ప్రశ్న ఒకటే... 'ఇదే దేశంరా?'

'లియొనైడా' అనేవాడు పదో తరగతి కుర్రాడు.

'ఎక్కడుందది?'

'ఇంకా రాలేదు!'

దేశం ఇంకా రాకపోవడమేమిటో చుట్టాలకు అర్థమయ్యేది కాదు. వాళ్లమ్మే కల్పించుకుని చెప్పాల్సి వచ్చేది. 'ఏదో వీడియోగేమట. అది రాకముందే అందులో ఊళ్లెక్కడున్నాయో కనిపెడుతున్నాడు. ఇండియా మ్యాపులో గోదావరి గుర్తించమంటే తడుముకుంటాడు గానీ లేని దేశానికి మాత్రం నదులు గీస్తాడు' అని. పబ్లిక్ పరీక్షల్లో సోషల్ పేపరులో మ్యాపు ప్రశ్న ఉంటుంది మరి. ఆవిడ బాధ ఆవిడది!

ఆ కుర్రాడు ఒంటరివాడేం కాదు. 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో'- పిల్లల భాషలో జీటీఏ- ఆరో ఆట తయారవుతోందని రాక్‌స్టార్ గేమ్స్ సంస్థ 2022 ఫిబ్రవరిలో చెప్పింది. మొదటి ట్రైలర్ 2023 డిసెంబరులో వచ్చింది. ఒక్క రోజులో దాన్ని తొమ్మిది కోట్లసార్లకు పైగా చూశారు. నిమిషంన్నర వీడియో అది. అందులో వంతెన కనిపిస్తే ఆపి చూసి, నీడ కనిపిస్తే కొలిచి, దూరంగా లీలగా ఉన్న భవనాన్ని పెద్దది చేసి... అలా ప్రపంచం నలుమూలలా వందలమంది కలిసి ఆటలోని ప్రపంచానికి మ్యాపు గీయడం మొదలుపెట్టారు. జీతం లేదు, బహుమతి లేదు. ఆట విడుదలైన మర్నాడు ఆ మ్యాపు ఎవరికీ అక్కర్లేదనీ వాళ్లకు తెలుసు. అయినా గీశారు.

ఈ పిచ్చి కొత్తదీ కాదు. జీటీఏ ఐదో ఆట మొదటి ట్రైలర్ 2011 నవంబరులో వస్తే ఆట 2013 సెప్టెంబరులో వచ్చింది. ఆ రెండేళ్లూ అభిమానులు చేసిన పని ఇదే. అప్పట్లో కొందరు, 2004 నాటి 'శాన్ ఆండ్రియాస్' ఆటలో మాదిరిగా మూడు మహానగరాలూ ఉంటాయని మ్యాపులో చోటు కూడా కేటాయించేశారు. తీరా చూస్తే ఉన్నది ఒకటే నగరం, దాని చుట్టూ పల్లెలూ కొండలూ. ఆశ గీసిన గీతలు అంతే మరి, కొలతకు ఆగవు.

ఇంతకీ లేని ఊరిని కొలిచేదెలా?

మన హుస్సేన్‌సాగర్‌నే తీసుకోండి. ఎవరో ఫొటో తీశారు. అందులో బుద్ధ విగ్రహం, సరిగ్గా దాని వెనక బిర్లా మందిరం ఒకే వరసలో కనిపిస్తున్నాయి. అంటే ఫొటో తీసిన మనిషి ఆ రెంటినీ కలిపే గీత మీదే, సికింద్రాబాద్ వైపు ఎక్కడో నిలబడినట్టు. అదే ఫొటోలో మరో జత కట్టడాలు కూడా వరసలో ఉంటే ఇంకో గీత గీయొచ్చు. రెండు గీతలూ కలిసినచోట ఆ మనిషి దొరికిపోతాడు! ఆటలోని చిత్రాలకూ ఇదే సూత్రం. ఇక దూరాలకు కారు పొడవు కొలబద్ద. నీడలు దిక్కులు చెబుతాయి. ఆటలోని వైస్ సిటీకి మూలం అమెరికాలోని మయామి. అది తూర్పు తీరం కాబట్టి, మన విశాఖలోలాగే సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. ఏ చిత్రంలోనైనా సూర్యుడు సముద్రంలోకి దిగుతున్నాడంటే అది నగరం కాదు, పడమటి ఒడ్డో, దక్షిణాన దీవులో అయ్యుండాలి.

వినడానికి పిల్లాటలా ఉంది గానీ, మనదేశాన్ని సర్వే చేసినవాళ్లూ దాదాపు ఇదే చేశారు. 1802లో మద్రాసు దగ్గర మొదలైన ఆ మహా సర్వే హిమాలయాల దాకా వెళ్లేసరికి, నేపాల్ తన గడ్డమీద అడుగుపెట్టనివ్వలేదు. దాంతో వంద మైళ్లకు పైగా దూరంలో, మైదానాల్లో నిలబడి శిఖరాలకేసి కోణాలు కొలిచారు. ఆ లెక్కలతోనే ఎవరెస్టు ఎత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటించారు. ఎవరూ ఎక్కని, కొలిచినవాళ్లు దగ్గరికైనా వెళ్లని కొండ. 2020లో ఆధునిక పరికరాలతో కొలిస్తే తేలిన తేడా ముప్ఫై అడుగులే! లోపలికి రానివ్వకపోతే బయట నిలబడి కొలవడం మనిషికి పాత అలవాటే.

మియాపూర్ కుర్రాడికి ఈ ఎవరెస్టు కథ చెప్పింది వాళ్ల నాన్న. పదో తరగతి త్రికోణమితి పాఠం కొడుక్కి ఈ మ్యాపు వల్లే అర్థమైందని ఆయన నమ్మకం. మార్కుల్లో ఆ సంగతేమీ కనబడలేదని వాళ్లమ్మ అంటుంది.

ఆ నాన్నకీ ఓ వైస్ సిటీ ఉంది. 2003... విజయవాడలో ఇంజినీరింగ్ చదివే రోజులు. కాలేజీ ఎగ్గొట్టి నెట్ సెంటర్‌లో గంట లెక్కన డబ్బులిచ్చి ఆడిన ఆట. 2002లో ప్లేస్టేషన్‌కీ, మరుసటేడు కంప్యూటర్లకీ వచ్చిన ఆ 'వైస్ సిటీ' ఆ తరం కుర్రాళ్లకు కొట్టినపిండి. నోటుపుస్తకం చివరి పేజీలో రికార్డు వర్కు బదులు చీట్‌కోడ్‌లు ఉండేవి. 'పాంజర్' అని టైపు చేస్తే ఆకాశం నుంచి ఊడిపడినట్టు యుద్ధట్యాంకు ప్రత్యక్షం! ఆ ఊరు రెండు పెద్ద దీవులు. ఆట మొదట్లో మాత్రం తుపాను హెచ్చరిక అంటూ వంతెనలు మూసేసి ఉండేవి. మ్యాపులో అవతలి ఒడ్డు ఆకారం కనిపిస్తుంది. కానీ వెళ్లడానికి లేదు. ఇటు ఒడ్డున బైకు ఆపుకుని, అటువైపు మసగ్గా కనిపించే భవనాలను చూస్తూ నలుగురు స్నేహితులు ఒకే కుర్చీ చుట్టూ మూగి 'అక్కడ విమానాశ్రయం ఉందటరా', 'కాదురా, ఆర్మీ క్యాంపు' అంటూ వాదించుకునేవారు. డబ్బులయిపోయి లేచి వచ్చాక హాస్టల్లోనూ అదే వాదన.

తర్వాత వంతెన తెరుచుకుంది. విమానాశ్రయం ఉంది, రేవు ఉంది, ఆర్మీ క్యాంపూ ఉంది. అన్నీ చూశాడాయన. వాటిలో ఏదీ ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. మూసిన వంతెన మాత్రం కళ్లకు కట్టినట్టు గుర్తుంది!

దీనికి ఓ రుజువులాంటి సంఘటన తర్వాత జరిగింది. 'శాన్ ఆండ్రియాస్' ఆటలో దూరంగా ఉన్నవన్నీ పొగమంచులో కలిసిపోయేవి. అప్పటి యంత్రాలు అంతదూరం చూపించలేవు, అందుకే ఆ మంచు. 2021లో అదే ఆటకు మెరుగులు దిద్ది మళ్లీ తెచ్చినప్పుడు మంచు తీసేశారు. కొండెక్కి చూస్తే ఎక్కడో దేశం అవతల ఉందనుకున్న ఊరు పక్కవీధిలో ఉన్నట్టుంది. అభిమానుల ముఖాలు చిన్నబోయాయి. గోల చేశారు. చివరికి సంస్థ మంచును మళ్లీ తెచ్చిపెట్టింది! చూడలేకపోవడమే ఆ లోకాన్ని అంత పెద్దది చేసిందన్నమాట.

ఇక లియొనైడా సంగతి. 2025 మే 6న రెండో ట్రైలర్‌తోపాటు 70 చిత్రాలు, ఆరు ప్రాంతాల పేర్లు బయటపెట్టారు. మ్యాపు గీసేవాళ్లకు పండగే! ఫ్లోరిడా తెలిసినవాళ్లకు ఐదింటికి పోలికలు తట్టాయి. వైస్ సిటీ అంటే మయామి. గ్రాస్‌రివర్స్ అంటే మొసళ్లుండే ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి. లియొనైడా కీస్ అంటే పొడవాటి వంతెనలతో గొలుసులా కలిపిన కీస్ దీవులు. ఆంబ్రోసియా పంచదార మిల్లు ఉన్న ఊరు, కాబట్టి లోపలెక్కడో చెరకు పొలాల దగ్గర ఉండాలి. పోర్ట్ గెల్‌హార్న్ వైభవం పోయిన పాత బీచ్ పట్నం, వాయవ్యాన. చిక్కంతా ఆరోదానితోనే... కలాగా కొండ!

ఫ్లోరిడాలో కొండలెక్కడివి? అమెరికా రాష్ట్రాల అత్యున్నత ప్రదేశాలన్నిట్లోకీ అతి తక్కువ ఎత్తున్నది అక్కడిదే. అది 345 అడుగులు. దాన్ని కొండంటే మన ఇంద్రకీలాద్రి నవ్వుతుంది. మరి వేటకూ, జీపుల్లో రాళ్లబాటలు ఎక్కడానికీ అనువైన కలాగా ఎక్కణ్నుంచి ఊడిపడింది? రాష్ట్రం ఉత్తర సరిహద్దు దగ్గర ఉందని మాత్రం సంస్థ చెప్పింది. పైనున్న జార్జియా రాష్ట్రపు కొండల్ని కిందికి లాగి ఉంటారని కొందరి ఊహ. సరిహద్దు అన్నారు కాబట్టి దాని అవతల నేల ఉంటుందా, లేక పాత ఆటల్లోలాగా నాలుగువైపులా సముద్రమేనా అన్నది పెద్ద తగువు. మియాపూర్ మ్యాపులో ఆ భాగాన్ని ఎన్నిసార్లు చెరిపి గీశాడో, కాగితం అక్కడ పల్చబడి గోడ రంగు కనిపిస్తోంది.

ఆ ఇంట్లో ఓసారి అసలైన గొడవా జరిగింది. 2022 సెప్టెంబరులో ఈ ఆట తయారీలో ఉండగానే దాదాపు 90 వీడియోలు దొంగతనంగా బయటికొచ్చాయి. చేసింది బ్రిటన్‌కు చెందిన పదిహేడేళ్ల కుర్రాడు. 2023 డిసెంబరులో అతణ్ని గడువు లేకుండా ఆసుపత్రి నిర్బంధంలో ఉంచమని అక్కడి కోర్టు ఆదేశించింది. ఆ వీడియోల్లో తయారీదారుల కోసం వేసుకున్న అంకెలు కనిపించాయి. పాత్ర ఏ క్షణంలో ఎక్కడ నిలబడిందో చెప్పే కచ్చితమైన కొలతలవి. అభిమానుల మ్యాపులు ఒక్కసారిగా అంత బాగా కుదరడానికి అవే కారణం. మియాపూర్ కుర్రాడూ వాటిని ఓ కాగితం మీద ఎక్కించుకున్నాడు. నాన్న చూశాడు.

'పరీక్షకి ముందే పేపరు లీకైతే చూసి రాస్తావా?'

'నేను లీక్ చెయ్యలేదు కదా నాన్నా. అందరూ వాడుతున్నారు.'

'పేపరు లీకైనప్పుడూ అందరూ అదే అంటారు.'

రెండ్రోజులు మాటల్లేవు. మూడోరోజు ఆ కాగితం చెత్తబుట్టలో కనిపించింది. సంస్థ తానుగా బయటపెట్టిన చిత్రాలతోనే మళ్లీ మొదలుపెట్టాడు. దాంతో ఈ మ్యాపు మిగతావాటికంటే తప్పులతడక అయిందనీ, కీస్ దీవులు కాస్త వంకరపోయాయనీ అతనే ఒప్పుకుంటాడు. నాన్న మరీ చాదస్తం పోయాడేమో అనిపిస్తుంది, ఎవరో దొంగిలించినదాన్ని అప్పటికే లోకమంతా చూసేసింది కదా అని. కానీ ఏళ్ల తరబడి ఎంతోమంది దాచుకుంటూ చేసిన పనిని, సగంలో ఉండగా వీధిలో పరిస్తే వాళ్లకెలా ఉంటుంది? పొయ్యి మీది గిన్నె మూతతీసి చూసి వంట బాలేదనడం లాంటిదే అది. ఆ మాటకి వాళ్లమ్మ కూడా నాన్నవైపే నిలిచింది, మొదటిసారి.

ఇంకో చిక్కుంది. ఈ ఆట పిల్లలది కాదు. నేరాలు, తుపాకులు, రక్తం. ఐదో ఆటకి అమెరికాలో పదిహేడేళ్లు, ఐరోపాలో పద్దెనిమిదేళ్లు నిండాలన్నది నిబంధన. ఆట వచ్చినా పద్దెనిమిది నిండేదాకా ఇంట్లోకి రానివ్వనని నాన్న ముందే తేల్చేశాడు. పంతొమ్మిదేళ్లకి తానాడిందేమిటో ఆయనకు బాగా గుర్తుంది కాబట్టే ఆ పట్టు! అంటే స్నేహితులంతా లియొనైడాలో కార్లు తోలుతున్నా ఈ కుర్రాడికి కొన్నాళ్లపాటు ఉండేది గోడమీది మ్యాపు ఒక్కటే. ఆ సంగతి తెలిసీ గీస్తున్నాడు. 'ఆడనివ్వనప్పుడు ఎందుకురా ఇంత కష్టం?' అని అమ్మమ్మ అడిగితే 'ఆడటం వేరు, ఇది వేరు' అన్నాడు. ఆవిడకి అర్థమైనట్టే తలూపింది.

ఆట 2025లో వస్తుందన్నారు మొదట. తర్వాత 2026 మే 26 అన్నారు. 2025 నవంబరు 7, శుక్రవారం పొద్దున కుర్రాడు లేచి ఫోను చూసేసరికి మరో కబురు. 2026 నవంబరు 19కి వాయిదా! స్కూలు వాట్సాప్ గ్రూపంతా ఏడుపు బొమ్మలే. నాన్న కాఫీ గ్లాసుతో వచ్చి కొడుకు మొహంలోకి చూశాడు, ఎలా ఓదార్చాలా అని. వాడు అప్పటికే కుర్చీ ఎక్కి రబ్బరుతో ఏదో చెరుపుతున్నాడు.

'బాధగా లేదురా?'

'ఉంది. కానీ ఇంకో ఏడాది టైముంది కదా నాన్నా. కీస్ వంకర సరిచేయొచ్చు.'

'మరి ఈ కొండ అవతల ఏముంది?'

'తెలీదు. అక్కడ కాగితం అయిపోయింది.'

'పబ్లిక్ పరీక్షలు పెట్టుకుని ఇద్దరికిద్దరూ...' అంటూ వంటింట్లోంచి వచ్చింది వాళ్లమ్మ. బీరువా పైనున్న పాత క్యాలెండరు తీసి, మేకు ఊడదీసి, డిసెంబరు కాగితం చింపి చేతికిచ్చింది. నాన్న టేపు వెతకడానికి వెళ్లాడు.