కొల్లేటి లంకలో జోనంగి కుక్క

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పళ్లెమువలె పల్లమైయున్న ప్రదేశము కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు వాగుల నీరు దీనిలో చేరి, ఉప్పుటేటి త్రోవను సముద్రమును కలియును. విజయవాడనుండి గుడివాడ మీదుగా భీమవరము పోవు రైలులో కైకలూరున దిగినవారికి ఆటపాక మిక్కిలి దగ్గర. అచ్చట నీటి నడుమ నిలిపిన యినుప మంచెలపై గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను సాకుచుండును. పక్షులను చూడబోయినవారు సాధారణముగా అంతటితో తిరిగివత్తురు. మేము మాత్రము కొల్లేటి లంకగ్రామ మొకదానిలో రెండునాళ్లు నిలిచితిమి. జోనంగి యను కుక్కజాతిని చూడవలెనని మాకు చిరకాలమునుండి కోరిక.

అల్సేషియను, పామరేనియను పేర్లెరిగిన సోదరీమణులు పెక్కురు జోనంగి పేరు విని యుండరు. ఇది మన తూర్పుతీరపు కుక్క. వెండ్రుక మిక్కిలి పొట్టి, మేను నున్నన. నొసట ముడుతలుండుటచే ఎల్లప్పుడు ఏదో దిగులుపడుచున్నట్లే కానవచ్చును. ఇతర కుక్కలవలె మొరుగుట యరుదు. గొంతెత్తి రాగము తీసినట్లు కూయును. నేలను గోతులు త్రవ్వుకొని వానిలో పరుండును. ఇంటిలో ఒకరిద్దరిని మాత్రమే తనవారిగా నెంచును. పూర్వము కొల్లేటి ప్రాంతమున బాతుల మందలను తోలుటకు దీనిని పెంచెడివారు. చేపల చెరువులు విస్తరించినకొలది దీనికి పని తగ్గెను. పనితోబాటు జాతియు సన్నగిలెను. 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సార్ ఒడంబడిక క్రింద చిత్తడినేలల పట్టికలో చేర్చిరి. 2006లో లోపలి చెరువుల గట్లు పెక్కింటిని తెగగొట్టిరి. అవి యన్నియు పక్షులకొరకును నీటికొరకును జరిగినవి.

మేము దిగిన యింట గోధుమవన్నె మగజోనంగి యొకటి కలదు. పేరు సింగడు, వయస్సు ఎనిమిది నెలలు. దానిని చూచి ముచ్చటపడుదమని పోయిన మాకు ఆ యింట కలతయే యెదురయ్యెను.

"పాలు పట్టి పెంచానండీ. ఇప్పుడు నేను పిలిస్తే ఒకసారి తల తిప్పి చూసి అటే పోతాడు. మీరు కొత్తవారు, మీరు రమ్మంటే వచ్చి కూర్చున్నాడు చూడండి అక్కగారూ" అని ఆ యింటి కోడలు కన్నుల నీరు నింపుకొనెను.

నెల క్రిందట ఎవరు వచ్చినను తోక యాడించినవాడు ఇప్పుడు చేపల బుట్టలవాడు గుమ్మము త్రొక్కగనే గుర్రుమనునట. విప్పిన గొడుగును చూచి గోడవారకు నక్కునట. రాత్రులు గట్టుదాటి తిరుగునట. మామగారికి గలిగిన భయము వేరు. "బుద్ధిగా ఉన్న కుక్కకి ఉన్నట్టుండి గుణం మారితే పిచ్చి కాక ఏమిటమ్మా? ఇంట్లో పసిబిడ్డ ఉంది. ఆదివారంనాడు ఉప్పుటేరు దాటించి వదిలేస్తాను" అనిరి. పసిబిడ్డ యున్న యింట పెద్దలట్లు తలచుటలో తప్పేమున్నది? కాని ఆ కోడలి ముఖము చూడలేకపోతిమి.

మాకు తెలిసిన సంగతి నొకదానిని వారికి జెప్పితిమి. ఇంగ్లండు దేశమున అంధులకు దారిచూపుటకై పెంచెడు కుక్కలను లూసీ ఆషర్ అను విదుషీమణియు ఆమె తోడివారును పరీక్షించి 2020లో ఫలితములను ప్రకటించిరి. అరువదితొమ్మిది కుక్కలకు ఐదవ నెలలో నొకసారి, ఎనిమిదవ నెలలో నొకసారి "కూర్చుండు" మను ఆజ్ఞ నిచ్చి చూచిరి. ఎనిమిదవ నెలలో అవి పెంచినవారి మాటను పెడచెవిని పెట్టెను. క్రొత్తవారి మాటను మాత్రము మునుపటికంటె బాగుగా వినెను. పెంచినవారిని విడిచి యుండలేక బెంగపడు కుక్కలలో ఈ మొండితనము మరింత హెచ్చుగా కానవచ్చెను. వేరుగా పెక్కు కుక్కల యజమానుల నడుగగా, పండ్రెండవ నెలనాటికి మరల చెప్పినమాట వినుచున్నవని తెలిసెను. పదునాలుగేండ్ల కొడుకు కన్నతల్లి మాటను త్రోసివేసి, పొరుగింటి పిన్నిగారు చెప్పినచో నవ్వుచు చేయుట మన యిండ్లలో క్రొత్త కాదు గదా. ఈ మాట వినగనే కోడలు ఫక్కున నవ్వెను. తన మరిది అట్టివాడేనట.

కుక్కకు సుమారు ఆరవ నెలనుండి యీడు వచ్చును. మగదానికి కాలెత్తు అలవాటు, తిరుగుబుద్ధి, తోడి మగకుక్కలతో కయ్యము అప్పుడే మొదలగును. ఆడుకుక్క తొలిసారి ఎదకు వచ్చును. అది గడచిన రెండు నెలలకు, కడుపు లేకున్నను, చెప్పులనో గుడ్డలనో మూలకు చేర్చి పిల్లలవలె కాచుట కలదు. ఎరిగిన వస్తువునకే బెదరుటయు ఈ వయస్సులో తరచుగా చూచుచుందుము. జోనంగి గోతులు త్రవ్వుట మాత్రము ఈడు లక్షణము గాదు, జాతి లక్షణము.

ఈ కాలమున కొట్టిన కుక్క పిలిచినపుడు రాకుండుటయే నేర్చుకొనును. పొడవైన త్రాటితో బయటికి తీసికొనిపోవలెను. ఒక్కసారి పిలిచి, వచ్చినపుడు చేపముక్క యొకటి నోట పెట్టవలెను. తిట్టుటకై ఎన్నడును పిలువరాదు. భయపడిన వస్తువు దగ్గరకు ఈడ్చుకొనిపోక, దూరమునుండి తానై చూచునట్లు విడువవలెను. పసిబిడ్డను మాత్రము, కుక్క యెంత మంచిదైనను, దానితో ఒంటరిగా నుంచరాదు.

అయినను మామగారి భయమును మేము త్రోసివేయలేదు. ఆకస్మికముగా గుణము మారుట పిచ్చికుక్క వ్యాధికిని తొలిగుర్తే. ఈడువలన వచ్చిన మార్పు ఒకనాడుండి ఒకనాడు పోవును; కుక్క తినును, త్రాగును, ఆడును. వ్యాధియైనచో దినదినము ముదురును. గొంతు మారును, దవడ జారును, చొంగ కారును, మ్రింగలేదు, వెనుకకాళ్లు తడబడును. లక్షణములు కనబడిన పిదప పది దినములలోపల చచ్చును. జోనంగి విషయమున నొక చిక్కు కలదు: దాని సహజమైన కూతయే క్రొత్తవారికి వింతగా తోచును. గొంతు మారినదో లేదో ఇంటివారే చెప్పవలెను. సింగని గొంతు మారలేదని కోడలు నిశ్చయముగా చెప్పెను. మాకు కనబడిన దేమనగా, అది యన్నము తినెను, నీరు త్రాగెను, మా చెప్పునొకదానిని ఎత్తుకొని గట్టుమీద పరుగులెత్తెను. నిశ్చయించుట పశువైద్యుని పని. పైగా దానికి టీకా యొక్కటియు వేయించి యుండలేదు. మూడవ నెలలో మొదటి టీకా వేయించి, పిమ్మట వైద్యుడు చెప్పిన గడువులకు మరల వేయించుచుండవలెను.

ఏ కుక్క కరచినను, గోటితో గీచినను, ఆ గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, సున్నము పెట్టరాదు. ఆనాడే ఆసుపత్రికి పోయి టీకాలు మొదలుపెట్టవలెను. కుక్కను పది దినములు కట్టి కనిపెట్టవలెను గాని, అది చచ్చునో బ్రతుకునో చూతమని టీకాల నాపరాదు. ఈ వ్యాధి పైకి వచ్చిన పిమ్మట ఇంచుమించుగా ఎవరును బ్రతుకరు.

మామగారు చాలసేపు మాటాడలేదు. తెల్లవారుజామున పడవ సిద్ధము చేయించి, "ఉప్పుటేటికి కాదులే. కైకలూరు పశువుల ఆసుపత్రికి" అని కోడలితో అనిరి. సింగనికి నోటిబుట్ట లేదు. మెత్తని గుడ్డ మూతికి చుట్టి కట్టిరి. కోడలు పసిబిడ్డను అత్తగారికి అప్పగించి, త్రాటి కొన చేత బట్టుకొని పడవ యెక్కెను. మేమును అదే పడవలో కైకలూరు చేరితిమి.