ప్రయాణమునకు ముందు

చైత్రము ముగియు నాటికి మా ఊరు సగము ఖాళీ యగును. చిదంబరమున కానుకొని 1929లో వెలసిన అణ్ణామలై విశ్వవిద్యాలయమే మాకు ఋతువులను తెలుపును. పరీక్షలు ముగిసినకొలది విద్యార్థులు ఊళ్లకు పోవుదురు. పూటకూళ్ల బల్లలు ఖాళీ యగును. కత్తిరి యెండ లింకను ముదురవు. తాటిముంజ లమ్మువాని కేక రెండు వీథుల దాక వినవచ్చును.

ఈ ఊరి కార్యాలయ మొకదానిలో ముప్పదియాఱేండ్లు గుమాస్తాగా పనిచేసి 2018లో విరమించితిని. ఆ దినములలో ఈ నిశ్శబ్దము నాకు విశ్రాంతి కాదు. తోడివారు సెలవుపై పోగా వారి కాగితములను గూడ నేనే చూచెడివాడను. అదియొక గొప్ప యని తలంచితిని. మా అమ్మ ఏటేట అడిగెడిది: “ఈ తూరైనా సింహాద్రికి పోదామా నాయనా?” “వచ్చే యేడు చూతాములే అమ్మా” అనెడివాడను. సెలవు అడిగియుండిన ఇచ్చియుందురు. నేను అడుగలేదు. ఆమె 2009లో గతించినది.

తరతరములుగ తమిళనాట నున్న మాకు ఆంధ్రదేశమున మీ ఊరేది యని యెవరైన అడిగిన బదులు లేదు. అందుచేత అమ్మ సింహాద్రినే మా ఊరుగా నెంచుకొన్నది. చిన్నతనమున నన్ను ఇక్కడి గుడి ఉత్తర గోపురము క్రింద నిలిపి రాయలవారి ప్రతిమను చూపెడిది. సింహాద్రి పొట్నూరున జయస్తంభము నాటి మరలివచ్చిన శ్రీకృష్ణదేవరాయలు ఈ గోపురమును కట్టించెనని ఇక్కడి శాసనము తెలుపుచున్నది. సింహాచలమున ఆయన వేయించిన శాసనములలో నొకటి 1516 నాటిది. “ఆ రాజు అక్కడినుండి ఇక్కడికి వచ్చినాడు. మన మొక్కతూరి ఇక్కడినుండి అక్కడికి పోవద్దా?” అనెడిది.

ఈ యేడు అక్షయతృతీయకు టిక్కెట్లు తీసితిని. ఏడాది పొడుగునను చందనము మాటున నుండు స్వామి నిజరూపము నాడు మాత్రమే కానవచ్చును. నా మనుమరాలు తోడు వచ్చుచున్నది. ఆమె తెలుగు మాటలాడును గాని చదువ నేరదు. 2006 నాటి చట్టము వచ్చిన పిమ్మట ఆమె బడిలో తమిళమే నేర్చినది. తెలుగు మా యింటి పని. పది సాయంకాలములుగ అరుగుపై అక్షరములు దిద్దించుచున్నాను.

నిన్న పెట్టె సర్దుచు అమ్మ పద్దుపుస్తక మొకటి తీసినది. పదునైదేండ్లకు పైగా అది నా పెట్టెలోనే యున్నది, నేను తెఱువలేదు. కడపటి పుటలో పిల్ల వ్రేలు పెట్టి కూడబలుకుకొని చదివెను: “సిం… హా… ద్రి ఖర్చు.” క్రింద వరుసగ అంకెలు: అయిదు రూపాయలు, మూడు రూపాయలు, మరల అయిదు. మొత్తము వేయలేదు.

“ఇదేమి లెక్క తాతా?” అని అడిగినది. నేను చెప్పలేకపోయితిని. ఆమెయే కూడి, అడుగున పెన్సిలుతో మొత్తము వ్రాసినది.

రేపు సాయంకాలము బండి. ఆ పుస్తకము సంచిలో పెట్టుకొంటిని. ఆ మొత్తమును అప్పన్న హుండీలో వేయవలెను. మీ యిండ్లలోను ఇట్టి పుస్తకములు ఉండవచ్చును, పిల్లలచేత చదివింపుడు.